ద్రాక్షలో ఉన్నదే చింతపండులోనూ ఉంది

మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం గిన్నె టీపాయ్ మీద పెట్టి అమ్మ హారతికి లేచింది. తిరిగి చూసేసరికి మా కుక్క చిట్టి గిన్నె అడుగు నాకుతోంది. నా టెన్షన్ రవ్వ గురించి కాదు, అందులోని కిస్‌మిస్‌ల గురించి. "దేవుని ప్రసాదమే కదరా, ఏమైతది?" అంది అమ్మ. ఫోన్ చేస్తే పశువైద్యుడు రెండే ప్రశ్నలు అడిగారు: ఎన్ని తింది, ఎంతసేపైంది? వెంటనే తీసుకురమ్మన్నారు. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి చిట్టి కక్కేసింది. నేల మీద పరిచిన పేపర్ మీద నెయ్యిలో ఉబ్బిన కిస్‌మిస్‌లు పదకొండు లెక్కపెట్టాను. అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

ద్రాక్ష కొన్ని కుక్కల కిడ్నీలను పాడుచేస్తుందని పశువైద్యులకు చాలాకాలంగా తెలుసు. ఎందుకో మాత్రం తెలిసేది కాదు. ఒక కుక్క గుత్తి మొత్తం తిన్నా బాగానే ఉండేది, ఇంకోటి నాలుగు తిని మంచం పట్టేది. 2021లో అమెరికాలో జంతువుల విషప్రభావాలను చూసే వైద్యులకు ఒక ఆధారం దొరికింది. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన ఆటబంకమట్టి (ప్లే-డో) తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ మట్టిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది. అంటే టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షకు పులుపునిచ్చేదీ ఆ ఆమ్లమే. కాయ రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి దాని మోతాదు మారుతుంది కాబట్టి ఇన్ని తింటే పర్లేదు అని చెప్పే లెక్క లేదు. కిస్‌మిస్ ఎండిన ద్రాక్షే, అందులో అది ఇంకా చిక్కగా ఉంటుంది.

ఈ ఆమ్లాన్ని 1769లో షీలే అనే రసాయనవేత్త వేరుచేశాడు. 1848లో దాని లవణపు స్ఫటికాలను ఒక్కొక్కటిగా ఏరి రెండు రకాలుగా విడదీసింది లూయీ పాశ్చర్. అవును, కుక్కకాటు టీకా పాశ్చరే.

మన కిడ్నీలు ఈ ఆమ్లాన్ని మూత్రంలో బయటికి పంపేస్తాయి. కుక్క కిడ్నీ కణాలు దాన్ని లోపలికి తీసుకుంటాయి కానీ సరిగ్గా బయటికి తోయలేవని, లోపలే పేరుకుని కణాలు చచ్చిపోతాయని ప్రయోగశాల పరిశోధనలు సూచిస్తున్నాయి. మొదట వాంతులు, నీరసం. ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోవచ్చు. మధ్యలో కుక్క హుషారుగా కనిపిస్తే మోసపోవద్దు. ఉప్పునీళ్లు పట్టి కక్కించడం మాత్రం అసలు చేయకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక మన వంటింటి సంగతి. టార్టారిక్ ఆమ్లం ద్రాక్షలో కంటే చింతపండులో చాలా ఎక్కువ. చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల కేసులు 2022లో పశువైద్య పత్రికలో వచ్చాయి. మనమేమో మిగిలిన పులిహోర, పులుసన్నం కలిపి కుక్కకు పెడతాం. "వీధి కుక్కలు అన్నీ తింటాయి, వాటికేం కాలేదే" అంటారు. ఏమైందో ఎవరు చూశారు? వారం నుంచి కనిపించని కుక్కకు రక్తపరీక్ష చేయించినవాళ్లు లేరు. రంజాన్‌కు పక్కింటి నుంచి వచ్చే షీర్ ఖుర్మాలోనూ కిస్‌మిస్ ఉంటుంది, చూసుకోండి.

మిగతా పళ్లతో ఇంత భయం లేదు. అరటి, బొప్పాయి, జామ, గింజలు తీసిన పుచ్చకాయ రెండు మూడు ముక్కలు పెట్టొచ్చు. మామిడి గుజ్జు మంచిదే, టెంక మింగితే మాత్రం పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళుతుంది. హైదరాబాద్‌లోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఊరి బయట బాటసింగారానికి పోయినా, వేసవిలో మన చెత్తబుట్టల నిండా టెంకలే కదా. సీతాఫలం గుజ్జు సరే, గింజ కాదు. ఊళ్లలో ఆ గింజలు నూరి పేలమందుగా రాసేవాళ్లు, కంట్లో పడితే మంట భరించలేం. కుక్క నమిలిందంటే ఆ విషం కడుపులోకే. ఆపిల్ ముక్క పెట్టేటప్పుడూ గింజలు తీసేయాలి.

మా వీధి చివర చింతచెట్టు ఉంది. మాఘం వెళ్లేసరికి కాయలు రాలి, బండ్ల కింద పగిలి గుజ్జు రోడ్డుకు అతుక్కుంటుంది. చిట్టి అక్కడ ముక్కు పెట్టగానే ఇప్పుడు గొలుసు లాగేది నేను కాదు, అమ్మ.