సెట్‌జంప్ ఏం దాచుకుంటుంది?

బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఎంబెడెడ్ ఇంటర్వ్యూలకు చదివే మన తెలుగు కుర్రాళ్ల మధ్య సి భాషలోని సెట్‌జంప్ గురించి బాగా నలిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, సెట్‌జంప్ పిలిస్తే స్టాక్ మొత్తం కాపీ అవుతుందా?" స్టాక్ అంటే నడుస్తున్న ఫంక్షన్లు తమ లోకల్ వేరియబుళ్లను పెట్టుకునే మెమరీ. అది కాపీ అవ్వదు. అవుతుందని నమ్మి కోడ్ రాస్తేనే ప్రమాదం.

సి భాషలో కోడ్‌ని వేరే చోటికి దూకించే గోటూ ఆదేశం తానున్న ఫంక్షన్ దాటి పోలేదు. బాగా లోపలున్న ఫంక్షన్‌లో తప్పు జరిగితే, మధ్యలో ఉన్న ప్రతి ఫంక్షనూ ఎర్రర్ కోడ్‌ను పైకి చేరవేయాలి. ఆ బాధ లేకుండా ఒక్క దూకులో పైకొచ్చే దారి సెట్‌జంప్, లాంగ్‌జంప్. యూనిక్స్‌లో ముందునుంచీ ఉన్న ఈ జంట 1989 నాటి ఆన్సీ సి ప్రమాణంలోకీ వచ్చింది.

సెట్‌జంప్ స్టాక్ పాయింటర్‌నీ (స్టాక్‌లో ఎక్కడున్నామో చెప్పే అడ్రస్), తిరిగి రావాల్సిన చోటునీ, మరికొన్ని రిజిస్టర్లనీ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదులు) ఒక బఫర్‌లో రాసుకుని 0 ఇస్తుంది. తర్వాత లాంగ్‌జంప్ ఆ విలువల్ని ప్రాసెసర్‌లోకి మళ్లీ ఎక్కిస్తుంది. దాంతో సెట్‌జంప్ రెండోసారి తిరిగొచ్చినట్టు ఉంటుంది, ఈసారి మనం పంపిన అంకెతో. మనం 0 పంపినా 1గానే వస్తుంది. లేకపోతే ఇది ఎన్నో రాకో తెలిసేదెలా?

దాచుకున్నది అడ్రసే, ఇల్లు కాదు. సెట్‌జంప్‌ని పిలిచిన ఫంక్షన్ ఈలోగా ముగిసిపోతే, ఆ జాగాలో వేరే ఫంక్షన్ కాపురం పెట్టేసి ఉండొచ్చు. లోకల్ వేరియబుళ్లదీ తలనొప్పే. సెట్‌జంప్ తర్వాత మార్చిన వేరియబుల్‌ని కంపైలర్ రిజిస్టర్‌లో ఉంచితే, దూకాక పాత విలువ కనిపించవచ్చు. కోడ్ వేగం పెంచే ఆప్టిమైజేషన్ పెట్టగానే కోడ్ తేడా కొట్టేది ఇక్కడే. వేరియబుల్ ముందు వోలటైల్ అని రాస్తే కంపైలర్ దాన్ని మెమరీలోనే ఉంచుతుంది, ఆ టెన్షన్ ఉండదు.

మధ్య ఫంక్షన్లు మాలాక్‌తో తీసుకున్న మెమరీ, తెరిచిన ఫైళ్లు, వేసిన లాకులు మాత్రం అలాగే ఉండిపోతాయి. కార్ల సాఫ్ట్‌వేర్‌లో పాటించే మిస్రా సి నియమాలు సెట్‌జంప్ ఉండే హెడర్ ఫైల్‌నే వద్దంటాయి. కాబట్టి ఆ రంగంలో చేరినవాళ్లకు ఇంటర్వ్యూ గది దాటాక దీని మొహం మళ్లీ చూసే పని పడకపోవచ్చు.

నాకైతే నిషేధం కన్నా పోస్ట్‌గ్రెస్ పద్ధతి నచ్చుతుంది. ఆ డేటాబేస్‌లో ఎర్రర్ వస్తే లాంగ్‌జంప్‌కు తోబుట్టువైన సిగ్‌లాంగ్‌జంప్‌తోనే పైకి దూకుతారు. కానీ మెమరీని కాంటెక్స్ట్ అనే గుత్తులుగా తీసుకుంటారు. ట్రాన్సాక్షన్ రద్దయితే దాని గుత్తిని ఒకేసారి వదిలేస్తారు, లాకులూ అప్పుడే విడుదలవుతాయి. నేరుగా మాలాక్ చేసింది ఈ లెక్కలోకి రాదు. దాన్ని చక్కదిద్దుకోవడానికి ట్రై, క్యాచ్ మాక్రోలు ఉన్నాయి. విప్పి చూస్తే వాటి లోపల ఉండేదీ సిగ్‌సెట్‌జంపే.