రెండో తాకిడే ప్రమాదకరం

విమానం నేలకు ఎంత గట్టిగా తగులుతుందనేది అది ముందుకు సాగే వేగం కన్నా కిందికి దిగే వేగం మీదే ఆధారపడుతుంది. ఆ దిగే వేగం రెట్టింపైతే చక్రాల కాళ్లు భరించవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అమెరికాలో చిన్న విమానాలకు ధ్రువీకరణ ఇచ్చే నిబంధనలు, రెక్కల మీది భారాన్ని బట్టి, సెకనుకు 7 నుంచి 10 అడుగుల దిగుడు వేగాన్ని ల్యాండింగ్ గేర్ (ఆ చక్రాల కాళ్ల అమరిక) తట్టుకోవాలని చాలాకాలం కోరాయి. 9 అంగుళాల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తులో విమానాన్ని వదిలేస్తే వచ్చే వేగం అంతే. ఔత్సాహికులు షెడ్డులో స్వయంగా కట్టుకుని, 'ఎక్స్‌పెరిమెంటల్' తరగతిలో నమోదు చేసుకునే విమానాలకు ఈ నిబంధన వర్తించదు.

ఈ విమానాలు తేలికైనవి. ఫ్లేర్ సమయంలో, అంటే రన్‌వే దగ్గర ముక్కు పైకెత్తి దిగుడు తగ్గించేటప్పుడు, ఇంజిన్ శక్తి తగ్గించగానే వేగం త్వరగా పడిపోతుంది. మనిషి ఎత్తులో ఉండగానే రెక్కలు స్టాల్ అయితే, అంటే విమానాన్ని మోసే శక్తిని కోల్పోతే, విమానం చతికిలబడుతుంది.

అయితే చాలాసార్లు విమానాన్ని విరిచేది మొదటి తాకిడి కాదు, రెండోదో మూడోదో. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌కు చెందిన స్టీవ్ విట్‌మన్ రూపొందించిన స్ప్రింగు ఉక్కు కాళ్లు సెస్నా విమానాలకూ, ఎన్నో స్వయంనిర్మిత విమానాలకూ చేరాయి. అవి చవకైనవి, దృఢమైనవి, మరమ్మతు అవసరం అంతగా లేనివి. కానీ నూనె, గాలి నింపిన షాక్ స్ట్రట్ తాకిడి శక్తిలో అధిక భాగాన్ని వేడిగా మారిస్తే, ఉక్కు స్ప్రింగు దాన్ని దాచుకుని చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. విమానం మళ్లీ గాలిలోకి లేస్తుంది, ఈసారి ఇంకా తక్కువ వేగంతో. కంగారుపడిన పైలట్ ముక్కును దించడానికి నియంత్రణ కర్రను ముందుకు తోస్తే ముందు చక్రమే మొదట నేలను తాకుతుంది, విమానం మరింత ఎత్తుకు ఎగురుతుంది. ప్రతి దిద్దుబాటూ కాస్త ఆలస్యంగా జరిగి ఊగిసలాట పెరుగుతుంది, చివరకు ముందు కాలు వంగి, ప్రొపెల్లర్ నేలను కొట్టి, ఒక్కోసారి విమానమే తలకిందులవుతుంది.

2012లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి జరిపిన అధ్యయనం, ఇలాంటి విమానాల ప్రమాదాల్లో పెద్ద భాగం వాటి తొలి దశ ప్రయాణాల్లోనూ, పాత విమానాన్ని కొత్త యజమాని కొన్న కొద్దికాలానికీ జరుగుతున్నాయని తేల్చింది. ఏళ్లపాటు కట్టడంలో మునిగి ఎగరడం తగ్గించినవారికి ఆ రకం విమానంలో అనుభవజ్ఞుడి పక్కన కూర్చుని నేర్చుకోవడం రివెట్లు బిగించడమంత ముఖ్యమని నా దృఢాభిప్రాయం.

విమానం నేలను తాకి గట్టిగా పైకి ఎగిరినప్పుడు ముక్కును నిలకడగా పట్టి, పూర్తి శక్తి ఇచ్చి, మరో చుట్టు తిరిగి రావాలి. దిగాక తనిఖీ తప్పదు: ఆర్‌వీ అనే స్వయంనిర్మిత విమానాల తోకచక్రపు నమూనాలు కొన్నింటిలో ప్రధాన కాళ్లు ఇంజిన్ మౌంటుకే (ఇంజిన్‌ను పట్టి ఉంచే గొట్టాల చట్రానికే) అమరి ఉంటాయి కనుక, కంటికి బాగానే కనిపించే కాలి వెనుక ఆ గొట్టాల వెల్డింగు చీలి ఉండవచ్చు.