గుర్రం కడుపునొప్పి

చిరంజీవి బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య దీవించి వ్రాస్తున్న ఉత్తరం.

మొన్న మీ వీధిలో పెళ్ళి ఊరేగింపుకు తెచ్చిన తెల్లగుర్రాన్ని చూసి, "తాతయ్యా, గుర్రానికి కడుపునొప్పి వస్తే డాక్టరుకు ఎలా తెలుస్తుంది? అది చెప్పలేదు కదా!" అని బుజ్జి ఫోనులో అడిగింది. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, అసలు జవాబు ఫోనులో చెప్పేంత చిన్నది కాదు. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది.

నాకు పదేళ్ళప్పుడు, అంటే 1964 ప్రాంతంలో, రేపల్లె పశువుల ఆస్పత్రిలో ఒక డాక్టరుగారు ఉండేవారు. ఆయన మద్రాసు వెటర్నరీ కాలేజీలో చదువుకున్నారు. 1903లో మొదలైన కాలేజీ అది. అక్కడ చదివే రోజుల్లో సెలవు దొరికితే చాలు, గిండీ పందెపు మైదానానికి వెళ్ళి కంచె పట్టుకుని గుర్రాలను చూస్తూ నిలబడేవారట. పందెం కాయడానికి కాదు, అవి అడుగు వేసే తీరు చూడటానికి. గుర్రాల డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. ప్రభుత్వం ఆయనను ఎడ్లూ గేదెలూ తప్ప మరేమీ లేని మా డెల్టాకు పంపింది. మనసు ఒకచోట, జీతం ఒకచోట అన్నమాట. ఆ రోజుల్లో ముసర వ్యాధి, అంటే గొడ్లను చంపే అంటురోగం, సోకిందంటే ఊళ్ళో కొట్టాలకు కొట్టాలే ఖాళీ అయ్యేవి. దానిని దేశం నుంచి తరిమివేయడానికి 1954లో పెద్ద టీకాల కార్యక్రమం మొదలైంది. టీకామందు సీసాలను మంచుగడ్డలతో థర్మాస్ ఫ్లాస్కులో పెట్టి, సైకిలు వెనక కట్టుకుని, డాక్టరుగారు కాలువగట్ల వెంట ఊరూరూ తిరిగేవారు. సూది వేస్తే పాలు తగ్గిపోతాయని గొడ్లను చేలలో దాచే రైతులకు నచ్చజెప్పడంలోనే సగం పొద్దు గడిచిపోయేది. ఆ వ్యాధి ప్రపంచంలో ఎక్కడా లేదని 2011లో ప్రకటించినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఆ సైకిలే.

సాయంకాలం మాత్రం ఆయన నేరుగా ఇంటికి వెళ్ళేవారు కాదు. రైలుస్టేషను ముందు నాలుగైదు జట్కాలు ఆగి ఉండేవి, అక్కడికి వచ్చేవారు. గుర్రం భుజం పక్కన నిలబడి, అరచేతిని కాలి వెంబడి మెల్లగా కిందికి జార్చి, "ఎత్తు నాయనా" అనేవారు. అది బుద్ధిగా కాలు ఎత్తి ఆయన చేతిలో పెట్టేది. లాడానికీ గిట్టకూ మధ్య ఇరుక్కున్న కంకరరాయిని కొక్కెంతో తీసి, నా చేతిలో వేసేవారు. అలాంటి రాళ్ళు నా దగ్గర ఒక అగ్గిపెట్టె నిండా ఉండేవి.

ఇక నా తప్పు. ఎర్రగుర్రం ఒకటి ఆయనకు కాలు ఇచ్చినట్టే నాకూ ఇవ్వాలని నా ఆశ. దానిని మచ్చిక చేసుకోవడానికి మా నాయనమ్మ డబ్బాలోంచి ఎండు ఉలవలు సంచినిండా దొంగిలించి, జట్కా సాయిబు టీ తాగడానికి వెళ్ళినప్పుడు మొత్తం దాని ముందు పోశాను. నానబెట్టనివి, అదీ అన్ని! చీకటి పడేసరికి అది ముందుకాలితో నేలను గీకసాగింది. మెడ తిప్పి మాటిమాటికీ తన డొక్క వైపే చూసుకుంది. పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుని దొర్లింది. మెడ మీద చెమట నురగ కట్టింది. చూశావా బుజ్జీ, అది చెప్పలేదని నువ్వు అన్నావు, ఒళ్ళంతా నోరు చేసుకుని చెబుతూనే ఉంది.

డాక్టరుగారు వచ్చీ రాగానే గుర్రాన్ని ముట్టుకోలేదు. కొంచెం దూరంలో చేతులు కట్టుకుని చాలాసేపు ఊరికే చూశారు. తరువాత పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలి, అక్కడి తెలుపు మళ్ళీ ఎరుపెక్కడానికి ఎంతసేపు పడుతుందో చూశారు. ఆ తరువాత డొక్కకు చెవి ఆనించారు. మీ అమ్మమ్మ సంతలో కుండ కొనేటప్పుడు ఏం చేస్తుంది? వేలి కణుపుతో కొట్టి వింటుంది. ఖంగుమంటే మంచి కుండ, బొంగురుగా మోగితే ఎక్కడో పగులు. పైకి ఎంత నున్నగా ఉన్నా చప్పుడు అబద్ధం ఆడదు. గుర్రం కడుపూ అంతే, బాగున్నంతసేపూ లోపల గుడగుడలు వినబడుతూనే ఉంటాయి, కుండలో నీళ్ళు కదిలినట్టు. అయితే కుండను ఒకసారి కొట్టి చూస్తే సరిపోతుంది, గుర్రాన్ని రెండు పక్కలా వినాలి, పైనా కిందా వినాలి, మళ్ళీ గంటకొకసారి వినాలి. పైగా ఏ కుండా మనలను తన్నదు. కుండ పోలిక ఇక్కడితో పగిలిపోయింది, వదిలేద్దాం. ఆ రాత్రి కుడివైపు చప్పుడే లేదు. నొప్పి కంటే ఆ నిశ్శబ్దానికే డాక్టరుగారు భయపడ్డారు.

"ఏమయ్యా, ఏం పెట్టావు దీనికి?" అని ఆయన అడిగితే, "రోజూ పెట్టేదేనండీ, అల్లా తోడు" అని సాయిబు ఏడ్చాడు. గుర్రం చెప్పలేనిది ఆ ఒక్కటే. ఆ చెప్పవలసిన వాడు బండి చక్రం వెనక నక్కి ఉన్నాడు. నేను బయటికి వచ్చి ఉలవల సంగతి చెప్పాను. డాక్టరుగారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "లాంతరు పట్టుకో, వెలుగు కదలకూడదు" అన్నారు, అంతే.

గుర్రం ఆవులాగా నెమరు వేయదు, మనలాగా వాంతి చేసుకోనూ లేదు. అంత పెద్ద ఒంటికి కడుపుసంచి మహా అయితే ఒక పెద్ద బిందెడు. లోపలికి వెళ్ళిందేదైనా 20 మీటర్లకు పైగా ఉన్న చిన్నపేగూ, ఆపై పెద్దపేగూ దాటి వెనకనుంచే రావాలి. అందుకని ఆయన ముక్కులోంచి రబ్బరుగొట్టం కడుపులోకి దింపి నూనె పోశారు. అది దొర్లకుండా సాయిబూ, ఆయనా వంతులవారీగా కళ్ళెం పట్టుకుని మెల్లగా నడిపించారు, నేను లాంతరుతో ముందు నడిచాను. తెల్లవారుజామున మొదటి బండి కూత వేసే వేళకు గుర్రం తోక ఎత్తి లద్దె వేసింది. నవ్వకండి. లద్దెను చూసి ఒక పెద్దమనిషి కండువాతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

కొన్నేళ్ళకు ఆటోలు వచ్చి జట్కాలు పోయాయి. "ఇక గుర్రాలతో ఏం పని ఉంటుందండీ?" అని ఆయననే అడిగాను. పాము కరిచిన రైతుకు ఎక్కించే మందు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా అని ఆయన ఎదురు అడిగారు. కొద్దికొద్దిగా విషం ఎక్కించుకుని, దానికి విరుగుడును తన నెత్తురులో తయారుచేసేది గుర్రమే. ఆ నెత్తురులోంచే మందు తీస్తారు. అంతటి జంతువు రెండు మానికల ఉలవలకు ఎందుకు ఓడిపోతుందో నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఈసారి మీ వీధికి గుర్రం వస్తే, బాజాలు మొదలు కాకముందే వెళ్ళండి. దానిని నడిపించే ఆయనను అడిగి, వెనక వైపు కాకుండా పక్కన, నాలుగడుగుల దూరంలో నిలబడండి. ఏ వెనకకాలిని వంచి విశ్రాంతి ఇస్తున్నదో చూడండి. డొక్క పైకీ కిందికీ కదలడం నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టండి. నెమ్మదిగా ఉన్న గుర్రానికి అది 8 నుంచి 16 మధ్య ఉంటుంది. మీకు ఎంత వచ్చిందో నాకు వ్రాయండి. ఉలవలు మాత్రం తీసుకువెళ్ళకండి.

మీ తాతయ్య