గ్రీన్‌లాండ్ సొర: వయసు తెలియకుండానే సాగిన వేట

వాయవ్య అట్లాంటిక్‌లో చేపల వేటను నియంత్రించే నాఫో సంస్థ 2022లో ఒక నిషేధం పెట్టింది. తన పరిధిలోని అంతర్జాతీయ జలాల్లో గ్రీన్‌లాండ్ సొరచేప వలలో పడినా ఓడలో ఉంచుకోకూడదు. మనుషులు ఈ సొరను వేటాడటం మొదలుపెట్టి అప్పటికే కొన్ని వందల ఏళ్లు గడిచాయి.

ఆ వేట మాంసం కోసం కాదు, కాలేయం కోసం. సొర కాలేయం నిండా నూనె ఉంటుంది. ఐస్‌లాండ్, నార్వే, గ్రీన్‌లాండ్ జాలర్లు తీసిన ఆ నూనెతో యూరప్‌లో దీపాలు వెలిగాయి. పచ్చి మాంసం విషం, తిన్న కుక్కలు తాగినట్టు తూలిపోతాయి. ఐస్‌లాండ్ వాళ్లు మాత్రం దాన్ని పులియబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి తింటారు. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఒక్క గ్రీన్‌లాండ్‌లోనే ఏటా 30 వేల దాకా సొరలను చంపారని అంచనా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వేరే నూనెలు చౌకగా దొరకడంతో ఆ వ్యాపారం పడిపోయింది. జాలి వల్ల కాదు, గిరాకీ లేక ఆగింది.

అన్నేళ్లూ ఈ చేప ఎంతకాలం బతుకుతుందో ఎవరికీ తెలియదు. చాలా చేపల వయసును ఎముకల్లోని వలయాలు లెక్కపెట్టి చెబుతారు. దీని వెన్నుపూసలు మెత్తన, లెక్కపెట్టడానికి వలయాలు ఉండవు. మొదటి ఆధారం డెన్మార్క్ శాస్త్రవేత్త పౌల్ మారినస్ హాన్సెన్‌కు దొరికింది. ఆయన 1936లో గుర్తు కట్టి వదిలిన సొర ఒకటి 1952లో మళ్లీ దొరికితే, 16 ఏళ్లలో అది పెరిగింది 8 సెంటీమీటర్లే! ఐదు మీటర్ల సొరకు ఎన్నేళ్లుంటాయో అప్పుడే అనుమానం రావాల్సింది. కచ్చితమైన లెక్కకు మరో 60 ఏళ్లకు పైగా పట్టింది.

2016లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయానికి చెందిన యూలియస్ నీల్సన్ బృందం 28 ఆడ సొరల కంటి కటకాలను పరీక్షించింది. కటకం నడిమధ్య ఉండే ప్రొటీన్ సొర పుట్టకముందే తయారవుతుంది, ఆ తర్వాత మారదు. అందులోని కార్బన్-14ను (కార్బన్‌లో రేడియోధార్మిక రకం) కొలిస్తే పుట్టిన కాలం తెలుస్తుంది. 1950, 60ల్లో జరిగిన అణుపరీక్షలు సముద్రంలోనూ కార్బన్-14ను పెంచాయి కాబట్టి, చిన్న సొరల్లో ఆ గుర్తు కనిపించింది, పెద్దవాటిలో లేదు. వాటిలో అన్నిటికన్నా పెద్దది 502 సెంటీమీటర్లు. దాని వయసు దాదాపు 392 ఏళ్లని తేలింది, 120 ఏళ్లు అటూ ఇటూ కావచ్చు. తక్కువలో తక్కువ చూసినా 272 ఏళ్లు. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంతకాలం బతికేది మరొకటి తెలియదు.

నాకు అంతకన్నా భయం కలిగించిన అంకె వేరు. ఆడ సొర పిల్లల్ని కనే స్థితికి రావడానికి దాదాపు 150 ఏళ్లు పడుతుంది. సున్నా డిగ్రీల చుట్టూ తిరిగే నీళ్లలో ఒంట్లోని ప్రతి పనీ నెమ్మదిస్తుంది. ఈత కూడా గంటకు ఒక కిలోమీటరు పైచిలుకే. చాలావాటి కళ్లకు పరాన్నజీవులు వేలాడుతుంటాయి, చూపు మసకబారుతుంది. అయినా సీల్ అనే సముద్ర జంతువులు వీటి కడుపులో దొరుకుతాయి, అవి నిద్రపోతున్నప్పుడు సొరలు పట్టుకుంటాయేమోనని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు.

ఈ అంకెల వెలుగులో నూనె వేటను మళ్లీ చూడాలి. 1910లో చనిపోయిన ఆడ పిల్ల సొర బతికి ఉంటే ఈ శతాబ్దం సగం గడిచేలోపు కూడా తల్లి అయ్యేది కాదేమో. జీవజాతులకున్న ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఒక జాతి తరుగుదలను మూడు తరాల మీద లెక్కిస్తుంది, అంటే ఈ సొర విషయంలో దాదాపు 450 ఏళ్లు. 2020లో దాన్ని ప్రమాదంలో పడే జాతుల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు దీని కోసమే వేటకు వెళ్లేవాళ్లు చాలా తక్కువ. హాలిబట్ చేపల కోసం వేసిన గేలాల తాళ్లకూ, ఓడ వెనక లాక్కెళ్లే ట్రాల్ వలలకూ చిక్కుతోంది. తాడు విడిపించడం కష్టమైతే జాలర్లు సొర తోకనే కోసేసిన సందర్భాలున్నాయి. నీటిలోకి వదిలేయమని నిబంధన ఉన్నంత మాత్రాన అది బతికినట్టు కాదు. నా దృష్టిలో అసలు పని చిక్కకుండా చూడటమే.

మంచు కరిగే కొద్దీ వేట ఉత్తరానికి జరుగుతుంది. మధ్య ఆర్కిటిక్ అంతర్జాతీయ జలాల్లో వాణిజ్య వేటను ఆపి ఉంచే ఒప్పందం 2021లో అమల్లోకి వచ్చింది. మొదటి గడువు 16 ఏళ్లు. ఆ తర్వాత ఏ పక్షమూ అభ్యంతరం చెప్పకపోతే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు.