కామధేనువు పొదుగులో వానల లెక్క

"వెయ్యేళ్లలో ఇంత వాన పడలేదు" అని టీవీలో ఎవరో అన్నారు. ఒడిశాలోని మా జయపురంలో ఇంటర్ చదివే మా పక్కింటి అమ్మాయి అది విని నన్ను పట్టుకుంది: "వెయ్యేళ్ల కిందట వాన కొలిచే డబ్బా ఎవరింట్లో ఉంది మాస్టారూ?" క్లాసులో ఇలాంటి ప్రశ్న విని ఎన్నాళ్లయిందో. మన దేశంలో వాతావరణ శాఖ పుట్టిందే 1875లో. అంతకుముందు మద్రాసు లాంటి కొన్ని ఊళ్లలో కొలిచారు. కొరాపుట్ కొండల్లోనో బస్తర్ అడవుల్లోనో ఏ ఏడు ఎంత కురిసిందో మనుషులు రాసిపెట్టలేదు. ఆ లెక్క గుహల్లో దొరుకుతుంది.

జయపురం దగ్గరి గుప్తేశ్వరం గుహలకు వెళ్లినవాళ్లకు ఈ సంగతి సగం తెలిసినట్టే. అక్కడ ఒక గుహలో పైకప్పు నుంచి వేలాడే రాతిని కామధేనువు పొదుగని కొలుస్తారు. కింద దోసిలి పట్టుకుని నిలబడితే ఎప్పటికో ఒక చుక్క పడుతుంది. బొర్రా గుహల్లోనూ ఆవు పొదుగు కథే, గోస్తనీ నదికి ఆ పేరు వచ్చింది అందుకే. ఇలాంటి గుహల్లో లింగం పెరుగుతుందని పెద్దవాళ్లంటే నవ్వేసే చదువుకున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. చుక్క పడే చోట రాయి పెరగడం నిజమే. కాకపోతే ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతో, అంతకన్నా తక్కువో పెరుగుతుంది, కంటికి ఆనదు. ఏటా బెత్తెడు పెరుగుతోందని చెప్పి ఎవరైనా చందాలు అడిగితే మాత్రం నమ్మొద్దు.

వాననీరు మట్టిలో కార్బన్ డయాక్సైడును కలుపుకుని, సున్నపురాయిని కరిగించి, గుహలోకి వచ్చాక ఆ సున్నాన్ని మళ్లీ పేర్చడం టెన్త్ పుస్తకంలోనే ఉంది, అది వదిలేద్దాం. అసలు విషయం ఆ సున్నంలో ఉండే ఆక్సిజన్. వాననీటి ఆక్సిజన్ గుర్తు ఆ రాతిలో నిలిచిపోతుంది. నీళ్లలో తేలిక రకమైన ఆక్సిజన్-16 ఎక్కువ, బరువు రకమైన ఆక్సిజన్-18 సుమారు అయిదొందల్లో ఒకటి. ఈ రెండోది ఉన్న నీటి అణువు కాస్త బరువు, అందుకని మబ్బు చల్లబడి చుక్కలు కట్టేటప్పుడు ముందు అదే దిగాలని చూస్తుంది.

విశాఖ నుంచి సాలూరు మీదుగా ఘాట్ ఎక్కి జయపురం వచ్చే బస్సును తీసుకోండి. ప్రతి స్టాపులోనూ అందరిలోంచీ కొందరు దిగుతారు గానీ, పెద్ద మూటలున్నవాళ్లు కాస్త తొందరగా దిగిపోతారనుకుందాం. విజయనగరంలో, సాలూరులో, సుంకిలో, పొట్టంగిలో జనం బాగా దిగితే జయపురం చేరేసరికి మిగిలేది చేతిసంచీలవాళ్లే. దారిలో పెద్దగా ఎవరూ దిగకపోతే మూటలు కూడా జయపురం దాకా వస్తాయి. కాబట్టి మన బస్టాండులో నిలబడి, దిగినవాళ్ల సామాన్లు చూస్తే చాలు, దారిలో ఎంతమంది దిగిపోయారో చెప్పొచ్చు. మబ్బు సంగతీ అంతే. సముద్రం దగ్గర బయలుదేరి దారంతా దంచికొట్టుకుంటూ వస్తే గుహ మీద పడే నీటిలో ఆక్సిజన్-18 తగ్గుతుంది. వానలు బలహీనంగా ఉంటే ఎక్కువ మిగులుతుంది. చిన్న చినుకులు పడుతూ పడుతూ గాల్లోనే కొంత ఆవిరైపోతాయి, అప్పుడు కూడా తేలిక నీరే ముందు పోయి బరువు నీరు మిగులుతుంది, అంటే బలహీన వానల గుర్తు ఇంకాస్త గట్టిపడుతుంది. ఇక్కడే ఒక చిక్కు. బస్సు విశాఖ నుంచి కాక ఇంకో ఊరి నుంచి వస్తే? బంగాళాఖాతం మబ్బూ అరేబియా సముద్రం మబ్బూ ఒకే సామానుతో ఎక్కవు, ఒకే దూరం నడవవు. అందుకే ఒక్క గుహను నమ్ముకోకుండా నాలుగు గుహల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడాలు వెయ్యికి ఒకటి రెండు వంతులే మరి.

ఏ పొర ఏ ఏడాదిది? యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి కొత్త పొరలో యురేనియం ఉంటుంది, థోరియం ఉండదు. ఆ తర్వాత యురేనియం-234, సుమారు 2,45,000 ఏళ్ల అర్ధాయువుతో (అంటే అన్నేళ్లకు సగమవుతూ), థోరియం-230గా మారుతూ పోతుంది. ఆ థోరియం కూడా సుమారు 75,600 ఏళ్ల అర్ధాయువుతో తరుగుతుంది. రెంటి నిష్పత్తి కొలిస్తే పొర వయసు తేలుతుంది. నీళ్లతోపాటు మట్టి చేరితే దానిలోని థోరియం కలిసి వయసు ఎక్కువ చూపిస్తుంది, ఆ వాటాను తీసేయాలి.

గుప్తేశ్వరం పక్కన పారే శబరి నదికి అవతలి గట్టు బస్తర్. అక్కడ కాంగేర్ లోయలో దండక్ గుహ ఉంది. అందులోని రాతితో క్రీ.శ. 600 నుంచి 1500 దాకా వానల చరిత్రను తేల్చి 2007లో ప్రచురించారు. 14వ శతాబ్దం నడిమి నుంచి 15వ శతాబ్దంలోకి దశాబ్దాల తరబడి వానలు బలహీనపడ్డాయని అందులో తేలింది. దక్కనులో 1396లో మొదలై పన్నెండేళ్లు సాగిందని చెప్పుకునే దుర్గాదేవి కరువు సరిగ్గా ఆ కాలానిదే. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

అయితే చుక్క గుహలోకి దిగడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పాత నీళ్లూ కొత్త నీళ్లూ దారిలోనే కలిసిపోతాయి. ఒక్క రోజు కురిసిన కుంభవృష్టి రాతిలో దొరకదు, కాబట్టి టీవీలో అన్న మాటను ఏ గుహా రుజువు చెయ్యలేదు. విడి ఏడాది సంగతి కావాలంటే మనుషుల లెక్కలే దిక్కు, వాటిని చదవడమూ తేలిక కాదు. మనవాళ్లు డొక్కల కరువును నందన కరువు అనీ, తర్వాతిదాన్ని ధాత కరువు అనీ అన్నారు. అంటే 1832-33, 1876-77. కానీ నందన 1892లో మళ్లీ వచ్చింది, ఉత్త పేరు చూసి ఏడాది చెప్పలేం. ఒడిశాలో నఅంక కరువు అంటే పూరీ గజపతి రాజు దివ్యసింహదేవుడి తొమ్మిదో అంకంలో వచ్చినది. అంకం అంటే రాజు పాలన ఏళ్లను లెక్కపెట్టే పద్ధతిలో ఒక ఏడాది. అంకాల లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, పది తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. కాబట్టి తొమ్మిదో అంకం నిజానికి ఏడో ఏడాది, 1865-66.

ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. 1865లో వానలు ముందే ఆగిపోయాయి. బియ్యం సరిపడా ఉందని నమ్మిన ప్రభుత్వం బయటి నుంచి తెప్పించలేదు. తెప్పించాలనుకునేసరికి 1866 వర్షాలు మొదలై ఓడలకూ బండ్లకూ దారులు మూసుకుపోయాయి, పైగా వరదలు. ఎండిన ఏడాదీ మునిగిన ఏడాదీ గుహ రాతిలో ఒకే సన్నని పొరలో కలిసిపోతే, అక్కడ మామూలు వానలే కనిపిస్తాయి. అందుకే వాతావరణ చరిత్రకారులు ధాన్యం ధరలూ, శిస్తు మాఫీ లెక్కలూ వెతుకుతారు. మీ ఇంట్లో తాతల నాటి జమాఖర్చు పుస్తకం ఉంటే, వడ్ల ధర పక్కన తారీకు ఉందేమో చూడండి, తొలకరి ఎప్పుడు పడిందో, చెరువు ఎప్పుడు అలుగు పోసిందో రాసి ఉంటే ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి.