కజ్జికాయ అంచూ, కూల్‌డ్రింక్ డబ్బా మూతా

సైన్స్ దినోత్సవానికి ఒక బడికి వెళ్తే తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి అడిగింది: "కూల్‌డ్రింక్ టిన్నును అల్యూమినియంతో చేస్తారు కదండీ, మరి టిన్ను అంటామెందుకు?" పక్కనున్న మాస్టారు "అది సిలబస్‌లో లేదమ్మా" అన్నారు. సిలబస్‌లో లేని ప్రశ్నలంటేనే నాకిష్టం.

ఆ పేరు పాత డబ్బాది. ఇత్తడి గిన్నెకు కళాయి వేసినట్టే, తుప్పు పట్టకుండా ఉక్కు రేకుకు తగరం పూస్తారు. తగరమే టిన్ను. పదిహేను కిలోల నూనె డబ్బా ఇప్పటికీ ఆ రేకుదే. కాకపోతే కళాయి వేసేవాళ్లు దూదితో రుద్దినంత మందం ఉండదు. చాలా రకాల్లో ఒక్కో వైపు చదరపు మీటరుకు మూడు గ్రాములు కూడా పట్టదు, అంటే అర మైక్రాను లోపే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1942లో తగరం గనులున్న మలయా (ఇప్పటి మలేషియా ప్రాంతం) జపాన్ చేతికి చిక్కి తగరానికి కరువొచ్చాక, రేకును కరిగిన తగరంలో ముంచే పద్ధతి వెనకబడి, విద్యుత్తుతో పల్చగా పూసే పద్ధతి అమెరికాలో జోరందుకుంది. కూల్‌డ్రింక్ డబ్బాలో ఆ మాత్రం తగరం కూడా లేదు. పేరొక్కటే మిగిలింది.

నెపోలియన్ సైన్యానికి తిండి నిల్వచేసే ఉపాయం కోసం పెట్టిన బహుమతి సొమ్ము కథ అందరూ చెప్పేదే, దాటేస్తున్నా. 1810లో పీటర్ డ్యురాండ్ ఇంగ్లండులో రేకు డబ్బాకు పేటెంట్ తీసుకున్నాక చాలాకాలం డబ్బాలను సీసం కలిసిన టంకంతో అతికేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మూత దగ్గర ఆ టంకాన్ని తీసిపారేసింది ఒక మడత. డబ్బా గురించి రాసేవాళ్లంతా లాగి తెరిచే రింగును పొగుడుతారు. నా ఓటు ఈ మడతకే.

మడత అర్థం కావాలంటే మా మేనత్త కజ్జికాయలు చేయడం చూడాలి. పూరీ ఒత్తి, కొబ్బరి బెల్లం పెట్టి, అంచుకు వేలితో తడి రాసి, సగానికి మడిచి నొక్కుతుంది. కొత్తవాళ్లు అక్కడితో ఆపేస్తారు. నూనెలో వేయగానే అంచు విచ్చుకుని, బెల్లం బయటికొచ్చి మాడి, మూకుడంతా నల్లబడుతుంది. అత్తయ్య ఆపదు. నొక్కిన అంచును మళ్లీ లోపలికి తిప్పి మెలిక వేస్తుంది. అతుకు ఒక గీతగా ఉన్నంతసేపు విడిపోతుంది. దాన్ని చుట్టి దారి పొడుగు చేస్తే లోపలిది బయటికి రావడానికి మలుపులన్నీ తిరగాలి.

డబ్బాదీ అదే పద్ధతి. డబ్బా నోటి అంచు బయటికి వంగి ఉంటుంది. మూత అంచు అంతకంటే వెడల్పుగా, కిందికి చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టు లోపల రబ్బరులాంటి పదార్థం ముందే పూసి ఆరబెడతారు. అత్తయ్య రాసే తడి అన్నమాట. కూల్‌డ్రింక్ నింపాక మూత పెట్టి, మూత పైనున్న పల్లంలో ఒక చక్రం ఆనించి, బయటి నుంచి రోలరు తెస్తారు. మొదటి రోలరు మూత అంచును డబ్బా అంచు కిందికి తోస్తుంది. ఇప్పుడు రెండూ కొక్కేల్లా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కానీ వదులుగా. రెండో రోలరు గాడి వేరు, లోతు తక్కువ. అది చుట్టవేయదు, అణుస్తుంది. కోసి చూస్తే అయిదు పొరలు: మూతవి మూడు, డబ్బావి రెండు. సందుల్లో రబ్బరు. మొత్తం మందం మిల్లీమీటరు పైచిలుకు, కొక్కేలు ఒకదాని మీదొకటి ఎక్కేది సుమారు మిల్లీమీటరు. ఇంత పని పెద్ద ఫ్యాక్టరీలో నిమిషానికి వెయ్యికి పైగా డబ్బాలకు జరుగుతుంది. మధ్యమధ్యలో డబ్బాలు తీసి, అంచు కోసి, పెద్దది చేసి చూసి కొక్కేలు కొలుస్తారు.

ఒకసారి నేను డబ్బాను ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోయాను. పొద్దున చూస్తే లోపలికి వంగి ఉండాల్సిన అడుగు బయటికి పొంగి, డబ్బా బల్ల మీద నిలబడనంది. అంచు మాత్రం చెక్కుచెదరలేదు.

డబ్బా పైన మెడ ఎందుకు సన్నబడుతుందో కూడా ఈ మూతే చెబుతుంది. గోడ మందం ఏ4 కాగితమంత, మిల్లీమీటరులో పదో వంతు. లోపలి గ్యాసు ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. మూత బల్లపరుపుగా ఉండి ఆ ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టి మందం రెట్టింపు, లోహం ఖరీదైనది. అందుకే మూతను చిన్నది చేసి పొదుపంతా అక్కడే చేశారు, దానికి తగ్గట్టు మెడ సన్నబడింది. ఈ పరిశ్రమలో సైజులు విచిత్రంగా చెబుతారు: 211 అంటే రెండు అంగుళాల పదకొండు పదహారో వంతులు. ఒకప్పటి మూత 211, ఇప్పుడు మామూలుగా వచ్చేది 202. లెక్క వేస్తే వైశాల్యం 37 శాతానికి పైగా తగ్గింది.

డబ్బా మూత మీద ఎలుక మూత్రం వల్ల ఎవరో చనిపోయారన్న వాట్సాప్ మెసేజ్ ఏటా వేసవిలో నాకు వస్తుంది. ఎలుక జ్వరం నిజమైన జబ్బే, వరి మడిలో దిగి పనిచేసేవాళ్లకు దాని ప్రమాదం ఉంది. వాళ్ల గురించి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. మూత తుడుచుకుని తాగండి, తప్పేం లేదు.

ఇకముందు ఏమిటంటే, చిక్కంతా మళ్లీ అంచు దగ్గరే. డబ్బా ఒంటి లోహంలో మెగ్నీషియం ఒక శాతం దాకా, మూతలో నాలుగున్నర దాకా. వాడేసిన డబ్బాను మూతతో సహా కరిగిస్తే రెండు శాతం దగ్గర తేలుతుంది: ఒంటికి ఎక్కువ, మూతకు తక్కువ. కొత్త అల్యూమినియం కలిపి పల్చన చేయాలి, అది కరెంటు మింగే లోహం. తుక్కు కరిగించడానికి అందులో అయిదు శాతం శక్తి చాలు. రెండిటికీ ఒకే లోహం వాడొచ్చుగా అంటారా? గోడను సాగదీసేటప్పుడు ఒంటి లోహంలోని మాంగనీసు, ఇనుము కలిసిన గట్టి రేణువులు అచ్చును తోముతూ పోతాయి. మూత లోహంతో అదే పని చేస్తే అచ్చుకు అతుక్కుని గీతలు పడతాయి. ఆ ముడి ఇంకా తేలికగా వీడలేదు.

రెండో తలనొప్పి లోపలి పూత. పుల్లటి డ్రింకు లోహాన్ని తినేయకుండా లోపల పల్చని ఎపాక్సీ పొర వేస్తారు, దాని తయారీలో బిస్ఫినాల్-ఎ అనే రసాయనం వాడేవారు. ఆరోగ్యానికి హాని అన్న కారణంతో, ఆహారం తగిలే వస్తువుల్లో దాని వాడకాన్ని నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది, మారడానికి గడువిచ్చి. పూత తయారీదారులు పాలిస్టరు, యాక్రిలిక్ వైపు మళ్లుతున్నారు.

మన దేశంలో గొడవ వేరు. 2025 ఏప్రిల్ నుంచి డబ్బాలకూ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి అయింది. దిగుమతులకు చిక్కొచ్చి, బీరు కంపెనీలు డబ్బాలు చాలట్లేదని గోల పెట్టాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో డబ్బాలు చేసే బాల్ కంపెనీ ఫ్యాక్టరీ ఉన్నా, దేశమంతటికీ సరిపోయేటన్ని ఫ్యాక్టరీలు లేవు. డబ్బా రేకు తయారీలో, డబ్బాలు కరిగించడంలో ప్రపంచంలోనే పెద్దదైన నొవెలిస్ మన అల్యూమినియం కంపెనీ హిందాల్కోదే, 2007లో కొన్నది. ఇక్కడి తుక్కు కొట్టుకు చేరిన డబ్బా మాత్రం చాలావరకు గిన్నెలకో పోతపనికో పోతుంది.

అదే బడికి మళ్లీ వెళ్లినప్పుడు ఒక ఖాళీ డబ్బా, ఆకురాయి పట్టుకెళ్లాను. అంచు అరగదీస్తే మూత చేతికొచ్చింది. ఇంట్లో కోసి పెట్టుకున్న ఇంకో ముక్కను, భూతద్దంతో పొరలు లెక్కపెట్టమని ఆ అమ్మాయికిచ్చాను. చాలాసేపు చూసి "ఆరండీ" అంది. రబ్బరును కూడా కలిపేసింది.