కొత్త విధానంలో పెన్షన్ కడితే పన్ను తగ్గదా? పేరోల్ డెస్క్ నుంచి కొన్ని మాటలు

ఫిబ్రవరి వచ్చిందంటే మా డెస్క్ దగ్గర ఒకటే పాట. "నేను కొత్త రెజీమ్ కదా, ఎన్‌పీఎస్ నాకెందుకు, తీసేయండి." రెజీమ్ అంటే పన్ను విధానం, ఎన్‌పీఎస్ అంటే జాతీయ పెన్షన్ పథకం. ఎవరు చెప్పారంటే వాట్సాప్ గ్రూపు. పదిహేనేళ్లుగా జీతాల లెక్కలు చూస్తున్నాను. ఇంత ఖరీదైన అపోహ ఇంకోటి తగల్లేదు.

అపోహ: కొత్త పన్ను విధానంలో పెన్షన్‌కి ఎంత కట్టినా పన్నులో ఏమీ రాదు.

సగం నిజం. అందుకే ఇంకా చావలేదు. మీ చేత్తో మీరు కట్టేదానికి నిజంగానే ఏమీ రాదు. పీఎఫ్‌లో మీ వాటా 12 శాతం, వీపీఎఫ్ (పీఎఫ్‌లో మీ ఇష్టంతో అదనంగా వేసేది), ఎన్‌పీఎస్‌లో అదనంగా కట్టే 50,000, ఇవన్నీ పాత విధానంలో ఉన్నవాళ్లకే. కానీ అదే డబ్బు కంపెనీ చేతి మీదుగా ఎన్‌పీఎస్‌లో పడితే కథ వేరు. బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 14 శాతం దాకా (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఇది సెక్షన్ 80సీసీడీ(2)) పన్ను లెక్కకి మీ ఆదాయంలోంచి తీసేస్తారు, కొత్త విధానంలో కూడా. ప్రైవేటు వాళ్లకి ఇది 10 శాతమే ఉండేది. 2024 జులై బడ్జెట్‌లో 14 చేశారు.

2025 మార్చి ఆఖరి వారంలో మా టీమ్‌లో ఒక కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. సొంతంగా ఎన్‌పీఎస్‌లో 50,000 వేసి రసీదు పట్టుకొచ్చాడు, టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) తగ్గించమని. ఉన్నదేమో కొత్త విధానంలో. "రూపాయి కూడా తగ్గదు నాన్నా" అంటే మొహం మాడిపోయింది. నేను వాణ్ణి తిట్టలేదు. కంపెనీ చేతి మీదుగా ఎన్‌పీఎస్ కట్టే ఆప్షన్ మా దగ్గర మొదట పెట్టినప్పుడు నేనే 'తర్వాత చూద్దాంలే' అని రెండేళ్లు ఊరుకున్నాను. పేరోల్‌లో కూర్చుని!

కాగితం తీసి వాడి లెక్కే వేశాను. 2025-26కి వాడి జీతం ఏడాదికి 13.5 లక్షలు, బేసిక్ నెలకి 45,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 12.75 లక్షలు. 12 లక్షల లోపైతే రిబేటుతో పన్ను మొత్తం మాఫీ, అది దాటింది కాబట్టి రిబేటు లేదు. సెస్‌తో కలిపి పన్ను 74,100. ఇప్పుడు సీటీసీ (కంపెనీ వాడి మీద పెట్టే మొత్తం ఖర్చు) పెంచకుండానే అందులోంచి బేసిక్‌లో 14 శాతం, అంటే నెలకి 6,300, కంపెనీ ఎన్‌పీఎస్ వాటాగా మార్చాం. ఏడాదికి 75,600. పన్ను పడే ఆదాయం 11,99,400కి దిగింది, పన్ను సున్నా. ఏడాది మొత్తం మీద చేతికొచ్చే జీతంలో తగ్గింది 1,500, అంటే నెలకి 125. పెన్షన్ ఖాతాలో మాత్రం 75,600.

అందరికీ ఇంత కలిసిరాదు, వాడు సరిగ్గా అంచున ఉన్నాడు. 20 శాతం శ్లాబులో ఉండి బేసిక్ 80,000 అయితే నెలకి 11,200 ఎన్‌పీఎస్‌కి వెళ్తుంది, పన్ను సుమారు 2,330 తగ్గుతుంది, చేతికి 8,870 తక్కువొస్తుంది. ఇంట్లో ఆస్పత్రి ఖర్చులో, రెండు ఈఎంఐలో నడుస్తుంటే ఆ 8,870 చిన్న మాట కాదు. పైగా ఆ డబ్బు ఏళ్ల తరబడి ఇరుక్కుంటుంది, చివర్లో కొంత భాగంతో యాన్యుటీ, అంటే క్రమంగా పెన్షన్ ఇచ్చే పాలసీ కొనాలి. అలాంటివాళ్లు వద్దంటే నేను బలవంతపెట్టను. గ్రూపులో చదివి వద్దనేవాళ్లతోనే నా గొడవ.

ఇంకో సంగతి. జీతాన్ని ఇలా కంపెనీ వాటాగా మార్చడం రాబోయే నెలలకే. మార్చిలో వచ్చి ఏప్రిల్ నుంచి కట్టినట్టు రాయమంటే కుదరదు, మీ హెచ్ఆర్‌ని ఏడాది మొదట్లోనే అడగండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

'కంపెనీ నా పీఎఫ్ నొక్కేస్తోంది, నా వాటా కంటే వాళ్లది తక్కువ పడుతోంది.' ఎవరూ నొక్కలేదు. కంపెనీ వాటాలోంచి 8.33 శాతం, 15,000 జీతం మీదే లెక్కగట్టి, నెలకి గరిష్ఠంగా 1,250 ఈపీఎస్‌కి, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకానికి పోతుంది. పాస్‌బుక్‌లో పెన్షన్ కాలమ్ చూడండి.

'పది వేలు కడితే పన్ను పది వేలు తగ్గుతుంది.' తగ్గేది ఆదాయం. పన్ను మీ శ్లాబును బట్టి.

'కంపెనీ ఎంత వేసినా పన్నుండదు.' పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ (కంపెనీ నడిపే రిటైర్‌మెంట్ నిధి)లలో కంపెనీ వేసేది అన్నీ కలిపి ఏడాదికి 7.5 లక్షలు దాటితే, పైదానికి పన్ను పడుతుంది. ఆ స్థాయి జీతాలవాళ్లకి ఎలాగూ సొంత ఆడిటర్ ఉంటాడు.

'ఉద్యోగం మారితే పీఎఫ్ తీసేసుకోవాలి.' అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే మామూలుగా పన్ను పడుతుంది. బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా లెక్కలోకి వస్తుంది.

ఆ కుర్రాడు మళ్లీ ఏప్రిల్ జీతం పడిన రోజు మెసేజ్ పెట్టాడు, పే స్లిప్ స్క్రీన్‌షాట్‌తో. "అన్నా, టీడీఎస్ సున్నా చూపిస్తోంది. ఏదైనా తప్పు పడిందా?"